ఆ పోస్టరు నాది కాదని ఒప్పుకున్న రోజు

సంఘ పెద్దలకు, తోటి విశ్వాసులకు యేసు ప్రభువు పేరిట నా వందనాలు. ఎనిమిది నెలలు నేను ఎంత చీకటిలో ఉన్నానో, ఆయన నన్ను ఎలా బయటికి లాగాడో చెబుదామని మీ ముందుకు వచ్చాను.

మాది రావులపాలెం, నాన్న టైలరు. నేను రాజమండ్రిలో గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుని రెండేళ్ళు ఒక ఫ్లెక్సీ షాపులో పనిచేశాను. ఆ షాపు మూతపడింది, అదే నెలలో నా పాత ల్యాప్‌టాప్ కూడా పాడై అందులో నేను చేసిన పనులన్నీ పోయాయి సహోదరులారా, ఒక్క ఫైలు మిగల్లేదు! ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా మీరు చేసినవి చూపించండి అనేవారు, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు, మోకరిస్తే ప్రార్థన వచ్చేది కాదు.

నాన్న తనకు కొత్త కుట్టుమిషను కొనుక్కోవడం మానుకుని, నన్ను రాజమండ్రి తీసుకెళ్ళి కొత్త ల్యాప్‌టాప్ కొనిపెట్టాడు. షాపులో అందరూ చూస్తుండగానే ఆ పెట్టె మీద చెయ్యి వేసి, "ప్రభువా, నా బిడ్డ దీనిమీద చేసే ప్రతి పనీ నీకు నచ్చేలా ఉండనియ్యి" అని ప్రార్థించాడు. నేను తలెత్తలేకపోయాను, ఎందుకంటే అప్పటికే నా మనసులో దొంగ ఆలోచన ఉంది. ఇంటికి రాగానే నెట్‌లో ఎవరివో పన్నెండు పోస్టర్లు దించుకుని, వాళ్ళ పేర్లు చెరిపి, నా పేరు వేసుకుని ఆరు కంపెనీలకు పంపాను.

వారం తిరక్కుండానే ఒక కంపెనీవాళ్ళు వీడియో ఇంటర్వ్యూకి పిలిచారు. అడిగే మేడమ్ వాటిలో ఒక పడవ పోస్టరు తెరిచి, ఇది మీరే చేశారా అంటే, అవునండి అన్నాను. ఆమె తన కంప్యూటరులో అదే బొమ్మ అసలు ఫైలు తెరిచి, రంగులు ఒక్కొక్కటే తీసేస్తూ అడుగున ఉన్న పెన్సిలు గీతల దాకా చూపించింది. "మా అమ్మ చనిపోయాక ఆవిడ కోసం వేసుకున్నానండి ఇది" అంది.

దేశంలో ఇంతమంది ఉండగా, నేను ఎవరి బొమ్మ దొంగిలించానో ఆ మనిషి ముందే నన్ను కూర్చోబెట్టాడు దేవుడు! కాల్ కట్ చెయ్యబోయాను. "ప్రభువా, నన్ను పారిపోనివ్వకు" అని లోపలే ఏడ్చాను, ఎక్కణ్ణుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "క్షమించండి మేడమ్. ఇది నాది కాదు. పంపినవాటిలో ఒక్కటీ నాది కాదు" అన్నాను. ఆమె లైను కట్ చేసేసింది.

నాన్నకు చెప్పాను. ఆయన మిషను ఆపి, "అడిగినావిడకి చెప్పావు. అడగనివాళ్ళ సంగతేంటమ్మా?" అన్నాడు. మిగతా ఐదు కంపెనీలకూ ఆరోజే నిజం రాశాను. తరువాత మా పక్కింటి అత్తగారి పచ్చడి సీసాలకు, అరటి మార్కెట్లో ఒక కొట్టుకు, మన ఆదివారపు బడి పిల్లలకు ఊరికే బొమ్మలు వేసిచ్చాను. వాటిని ఆ మేడమ్‌కి పంపి, ఉద్యోగం మాట ఎత్తకుండా మరోసారి క్షమాపణ రాశాను.

నెల తరువాత ఆమే ఫోన్ చేసింది! "పట్టుబడినవాళ్ళు లైను కట్ చేసేస్తారండి. ఆరోజు మీరు చెయ్యలేదు, కట్ చేసింది నేను. ఇవి మీవేనని తెలుస్తోంది, మళ్ళీ మాట్లాడదాం" అంది. గుమ్మంలోనే మోకరించి ప్రార్థించాను. పరీక్ష పెట్టారు, మూడు నెలలు నా పని చూశారు, ఇప్పుడు ఆమె దగ్గరే పనిచేస్తున్నాను. దేవునికే మహిమ!

ఆయన శిక్షిస్తాడనుకున్న చోటే నన్ను నిలబెట్టాడు. మీలో ఎవరైనా ఏదైనా దాచుకుని, బయటపడితే బతకలేనని భయపడుతుంటే, నన్ను చూడండి. బయటపడ్డాను, బతికే ఉన్నాను. ఆయన్ని నమ్మి, ఆ మాట ఈరోజే చెప్పెయ్యండి.