ఈత, సైకిలు, పరుగు, మా ఇంటి ఆడవాళ్లు

మొన్న పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగుతుంటే, మా అపార్టుమెంటులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి వరండాలో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని చైను తుడుస్తూ కనిపించింది. ఆ నూనె వాసన తగలగానే పాల సంగతి మరిచిపోయి, అది ఏం నూనె, ఎన్నాళ్లకు ఒకసారి వేస్తారు, గేర్లకు తీగలే లేవేమిటి అని అడుగుతూ అక్కడే నిలబడిపోయాను. ఆ పిల్ల ఓపికగానే చెప్పింది గానీ, ఈ ముసలాయనకు ఇవన్నీ ఎందుకని తప్పకుండా అనుకుని ఉంటుంది.

ఎందుకంటే, నేనూ కొన్నేళ్లు ఆ పనే చేశాను. అయితే సైకిలు నాది కాదు, మా ఆవిడది.

అప్పట్లో నేను రేణిగుంటలో ఒక గోడౌనుకు సూపర్‌వైజరును. మా ఆవిడ మేము ఉండే తిరుపతిలోనే హైస్కూల్లో లెక్కలు చెప్పేది. మా నాయన పోయిన దగ్గర నుంచి అమ్మ మాతోనే ఉండేది. మా ఆవిడకు నలభై దాటాక, మద్రాసులో ఉండే వాళ్ల చిన్నాన్న కూతురు ఏదో పోటీలో పాల్గొని ఫోటోలు పంపింది. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయాలట. దాన్ని ట్రయథ్లాన్ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. మా ఆవిడ ఆ ఫోటోలను చాలాసేపు చూసి, మరుసటి వారం బూట్లు కొనుక్కొచ్చింది.

అక్కడి నుంచి మా ఇంట్లో వారం అంటే వేరే అర్థం వచ్చింది. సోమవారం ఒక్కటే విశ్రాంతి. మిగిలిన రోజుల్లో బడికి వెళ్లేలోపల ఒకనాడు ఈతకొలను, ఒకనాడు అలిపిరి దాకా పరుగు, ఆదివారం తెల్లవారుజామున చంద్రగిరి వైపో పుత్తూరు వైపో సైకిలు మీద దూరప్రయాణం. నేను స్కూటరు మీద నీళ్ల సీసాలు పట్టుకుని వెనకే వెళ్లేవాణ్ని. లారీవాళ్లు తల బయటపెట్టి చూసేవాళ్లు, వాళ్లను నేను చూసేవాణ్ని.

అమ్మకు ఇదేమీ నచ్చలేదు. ఒంటికి అతుక్కునే ఆ బట్టలేమిటి, పంతులమ్మ అయ్యుండి రోడ్డు మీద ఆ పరుగులేమిటి అని నాతో గొణిగేది. ఒకరోజు మాత్రం భోజనాల దగ్గర నేరుగానే అడిగింది.

“ఈ వయసులో ఎవురిని గెలవాలని?”

“ఎవురినీ కాదత్తా,” అన్నది మా ఆవిడ. “నాకు అవుతుందా కాదా అని సూడాలనుండాది.”

ఆ తర్వాత అమ్మ గొణుగుడు కొంత తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నావి. మిద్దె మీద నీడపట్టున సైకిలును తలకిందులు చేసి, పాత పళ్లబ్రష్షుతో, కిరసనాయిలుతో చైను కడిగి, అమ్మ పాతచీర పీలికలతో తుడిచి, బ్రేకు రబ్బర్లు ఎంత అరిగాయో చూసి, ట్యూబును బకెట్టు నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతికేవాణ్ని. మొదట్లో ఎక్కువ నూనె పోస్తే మంచిదనుకుని ధారగా పోశాను. పుత్తూరు రోడ్డు దుమ్మంతా దానికే పట్టుకుని చైను నల్లటి ముద్దయింది. వెనక చక్రం తొక్కకపోయినా ఎలా తిరుగుతుంది, ఆ టిక్‌టిక్ ఎక్కడిది అని ఒకసారి లోపలి ఫ్రీవీలు విప్పేశాను. చిన్న స్ప్రింగులు మిద్దెంతా ఎగిరిపడితే, కళ్లద్దాలు పెట్టుకుని నేనూ, వడియాలు ఎండబెట్టడానికి వచ్చిన అమ్మా కలిసి ఏరుకున్నాం. టిక్‌టిక్ ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకూ చూపించాను. నాకంటే ఆమే ఎక్కువసేపు చూసింది.

చిక్కంతా ఈత దగ్గర వచ్చింది. మా ఆవిడ కొలనులో ఈత నేర్చుకున్నది గానీ, కాలికి నేల అందని చోటికి వెళ్లగానే ఊపిరి బిగబట్టి గోడ పట్టుకునేది. ఆమె పేరు ఇచ్చిన పోటీలో ఈత ఉండేదేమో సముద్రంలో. ఎంతమంది చెప్పినా, ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ భయం పోలేదు. పోటీ ఇంకా నెలరోజులు ఉందనగా ఒకరోజు ఇంటికి వచ్చి, పేరు వెనక్కి తీసుకుంటానని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ వారమంతా సైకిలు మిద్దె మీద కప్పిన గుడ్డ కిందే ఉంది.

ఎందుకు మానేసిందని అమ్మ నన్ను అడిగింది. చెప్పాను. ఆదివారం కోడలిని కూడా తీసుకుని నగరి దగ్గర మా మేనమామ ఊరికి పోదామన్నది. తమ్ముణ్ని చూడాలని ఉందేమో అనుకున్నాను.

తూర్పు వానలు బాగా పడిన ఏడు అది. మామ చేనిలో మెట్ల బావి పైదాకా నిండి ఉంది. అమ్మ గట్టు మీద కాసేపు నిలబడి నీళ్లను చూసి, నన్ను అటు తిరగమన్నది. తిరిగి చూసేసరికి చీర గోచి పెట్టి కట్టుకుని మెట్లు దిగుతున్నది. డెబ్బై దాటిన మనిషి, జారుతుందేమోనని నేను పరుగెత్తబోతే మామ చెయ్యి పట్టుకుని ఆపాడు. పెళ్లికి ముందు ఈ బావిలో మగపిల్లల కంటే ముందు మా అక్కే దూకేదని నవ్వాడు. అమ్మ నడుం లోతు దాటి, ఒక్క చప్పుడు కూడా లేకుండా నీళ్ల మీదికి వాలి, బావి నడిమధ్యకు వెళ్లి వెల్లకిలా పడుకుంది. తెల్లజుట్టు విడిపోయి చుట్టూ తేలింది. నేను పుట్టి అన్నేళ్లయింది, ఆమె అలా తేలికగా పడుకుని ఉండగా ఎప్పుడూ చూడలేదు.

“దిగు మే,” అన్నది కోడలితో. “నీళ్లను పట్టుకోవాలని సూస్తే జారిపోతాయి. ఊరికే పడుకో. అవే మోస్తాయి.”

మా ఆవిడ దిగింది. మొదటిసారి మెట్టు వదలలేదు. రెండోసారి అమ్మ ఆమె వీపు కింద అరచెయ్యి పెట్టి లోతుకు తీసుకువెళ్లింది. ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు గట్టు మీదికి కనబడనేలేదు, మా ఆవిడకు కూడా తెలియలేదట. ఒడ్డుకు వచ్చాక, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని కోడలు అడిగింది.

“ఎవురూ అడగలేదు గదా,” అన్నది అమ్మ, జుట్టు పిండుకుంటూ.

ఆ తర్వాత పోటీ దాకా ఆదివారాలన్నీ ఆ బావికే పోయాయి. పోటీనాడు మా ఆవిడ సముద్రంలోంచి దాదాపు అందరికంటే వెనకనే బయటికి వచ్చింది గానీ, వచ్చింది. దారిలో చైను జారితే తానే ఎక్కించుకుంది. చివరి పరుగులో సగం నడిచింది. నల్లటి చేతులతో గీత దాటి వచ్చి, నా పక్కన నిలబడి ఉన్న అత్తను ఆ చేతులతోనే వాటేసుకుంటే, అమ్మ చీర పాడయిందని విసుక్కుంటూనే చాలాసేపు వదలలేదు.

అమ్మ పోయి కొన్నేళ్లయింది. మామ చేనిలో బోర్లు వేశాక బావి ఎండిపోయి, పిల్లలు పడతారని పైన ఇనుపజాలి వేశారు. మోకాళ్ల నొప్పుల వల్ల మా ఆవిడ ఇప్పుడు నడకకే వస్తుంది. ఊళ్లో ఈతకొలనులు పెరిగాయి, ఆడపిల్లలు టోపీలు పెట్టుకుని నిర్భయంగా నేర్చుకుంటున్నారు, చూడ్డానికి నాకు సంతోషంగానే ఉంటుంది. అమ్మకు మాత్రం ఈత ఎవరు నేర్పారో, ఎవరితో పందెం వేసేదో, పెళ్లికి ముందు ఆఖరిసారి బావిలోంచి ఎక్కి వచ్చిన రోజు, మళ్లీ దిగడానికి ఇన్నేళ్లు పడుతుందని ఆమెకు తెలుసో లేదో, నేను అడగనే లేదు.

ఇప్పుడు సాయంత్రం నడక మధ్యలో బల్ల మీద పెద్దవయసు ఆడవాళ్లు పక్కన కూర్చుంటే, చిన్నప్పుడు ఏం ఆడేవాళ్లని అడుగుతుంటాను. ముందు అందరూ నవ్వి, మాకేం ఆటలు అంటారు. ఆ నవ్వు దాటి మాట రావడానికి కొంచెం సేపు పడుతుంది. అంతవరకు లేవకుండా కూర్చుంటాను.