డెల్వ్‌కు ఆరు అర్థాలు

సికింద్రాబాద్‌లో స్కూలు టీచర్లకు ఇంగ్లీషు శిక్షణ ఇమ్మని నన్ను భీమవరం నుంచి పిలిచారు. ఆ ఉదయం పాఠం ‘డెల్వ్’ అనే మాట. తవ్వు, శోధించు, అన్వేషించు అంటూ ఆరు అర్థాలు రాసుకుని మహా పండితుడిలా బయల్దేరాను.

స్కూలు గేటు ముందు, మొన్న మొన్నే వేసిన రోడ్డును మళ్లీ తవ్వేస్తున్నారు. పాలమూరు నుంచి కూలికి వచ్చిన ఒకావిడ గడ్డపార పక్కన పెట్టి, గుంతలో కూర్చుని వేళ్లతో మట్టి తీస్తోంది.

“గడ్డపార ఉండగా చేతులెందుకమ్మా?” అన్నాను.

“కింద నల్లా పైపున్నది సారూ. పైన గడ్డపారతోని పొడవాలె, నడుమ పారతోని తియ్యాలె, పైపు కాడికొస్తే చేత్తోనే తోడాలె. అంతట గడ్డపారనే ఏస్తే బస్తీకంత నీళ్లు బంద్,” అంది. నా బూట్ల వంక చూసి, “మీరెన్నడన్న తవ్విన్రా?” అని అడిగింది.

టైమైందంటూ లోపలికి నడిచాను.

టీచర్లందరూ ఆరు అర్థాలూ బుద్ధిగా రాసుకున్నారు. వెనక బెంచీ నుంచి ఒక టీచరమ్మ లేచి, “వీటిలో ఏది ఎక్కడ వాడాలి సార్?” అంది.

“అది పరీక్షలో అడగరమ్మా,” అన్నాను.

ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది.