కింది గొళ్లెం

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. కోరుట్లలో, మా ఇంటి ముందు గదిలో, తన మంచం మీదే పోయింది. ఎనభై దాటాయని ఆమె లెక్క, ఆధార్ కార్డు లెక్క వేరే. వచ్చిన వాళ్లందరూ ఒకటే మాట అన్నారు. "నిద్రల్నే పోయింది. ఎంత పున్నెం జేసుకున్నదో!" నేను తలూపాను. ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపు రాలేదు. వంట చేస్తున్నాను, బస్సెక్కి జగిత్యాల పోతున్నాను, ఏడో తరగతి పిల్లలకు సంధులు చెబుతున్నాను. ఆమె నిజంగా నిద్రలోనే పోయిందా అన్నది మాత్రం నాకు తేలడం లేదు. తేలకపోవడానికి కారణం నేనే కాబట్టి ఇది రాస్తున్నాను.

అత్తమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. మా మామ కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు, తెల్లవారుజామునే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఆయన కోసం నాలుగింటికి లేవడం అలవాటైన మనిషి, ఆయన పోయాక కూడా నాలుగింటికే లేచింది. ఎందుకు లేస్తావని అడిగితే, "నేనేడ లేస్తున్న? కండ్లే తెర్సుకుంటయి" అనేది.

బీడీ పని చేసే ఇంట్లో పడుకునే ముందు ఒక పని ఉంటుంది. తునికాకును నానబెట్టి, తడి గోనె సంచిలో చుట్టి పెట్టాలి. తెల్లారేసరికి ఆకు మెత్తబడుతుంది, కత్తిరిస్తే విరగదు. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమె మంచమెక్కి రోజూ రెండు ప్రశ్నలు అడిగేది. "ఆకు మీద గోనె కప్పినవా? గొళ్లెం పెట్టినవా?" రెండింటికీ అవునంటేనే ఆమెకు నిద్ర.

ఆ రెండో ప్రశ్న వెనుక ఒక కుక్క ఉంది. నా పెళ్లికి ముందు, ఒక ఎండాకాలం రాత్రి తలుపు తీసే ఉండిపోయిందట. వీధి కుక్క లోపలికొచ్చి, తడి గోనె చల్లగా ఉందని దాని మీద తెల్లార్లూ పడుకుంది. ఆకంతా నలిగి, రెండు రోజులు చుట్టడానికి ఆకు లేకపోయింది. పని లేకుండా ఇంట్లో ఉన్న ఆ రెండు రోజుల గురించి అత్తమ్మ జీవితమంతా చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే మాట. "ఆ రాత్రి కుక్క పండుకున్న నిద్ర, నేను ఎన్నడు పండుకోలే బిడ్డా."

నాది సిరిసిల్ల. మా నాయిన మరమగ్గాల మీద పనిచేసేవాడు. మా ఇంటి గోడకు అవతలే ఆ సాంచాలు. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పడుకున్నాను, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. కోరుట్లకు వచ్చాక రాత్రులు ఒకటే నిశ్శబ్దం. మూడు రాత్రులు కళ్లు తెరుచుకునే ఉన్నాను. నాలుగో రోజు పొద్దున్నే అత్తమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"రాత్రంత బొర్లుతున్నవు. మంచం వడ్తలేదా, మనిషి వడ్తలేడా?"

"సప్పుడు లేక నిద్ర వస్తలేదు అత్తమ్మా."

ఆమె నవ్విన నవ్వుకు కోళ్లు బెదిరి పరుగెత్తాయి. నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. ఆ సాయంత్రమే అటక మీది నుంచి పాత టేబుల్ ఫ్యాన్ దించింది. రెక్క ఒకటి జాలీకి తగిలి టకటకమనేది, అందుకే అటకెక్కించారు. చలికాలం. మామ గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. "సలికాలంల ఫ్యానేందే?" అని అరిచాడు. ఆమె వినలేదు. ఫ్యాను మా గదిలో పెట్టి, ముఖం గోడ వైపు తిప్పి, స్విచ్ వేసింది.

"గాలి గోడకు, సప్పుడు నీకు. పండుకో."

ఆ రాత్రి పొద్దెక్కేదాకా పడుకున్నాను. ఆమె నన్ను లేపలేదు, ఎవరినీ లేపనివ్వలేదు. ఇరవై ఐదేళ్లయింది. ఆ ఫ్యానుకు రెండు సార్లు మోటారు మార్పించాం, రెక్కను మాత్రం సరిచేయనివ్వలేదు. ఇప్పటికీ అది టకటకమంటేనే నాకు నిద్ర.

వయసు పెరిగేకొద్దీ ఆమె నిద్ర ముందుకు జరుగుతూ వచ్చింది. పది గంటలకు పడుకునే మనిషి తొమ్మిదికి మొదలుపెట్టింది, తర్వాత ఎనిమిదికి. చివరి మూడు నాలుగేళ్లు ఆరున్నరకే బువ్వ తినేది. దీపం పెట్టే వేళ పడుకోకూడదని మంచం మీద కూర్చుని ఆవలిస్తూ ఉండేది, నేను దేవుడి దగ్గర దీపం వెలిగించి అగ్గిపెట్టె పక్కన పెట్టేలోపే నడుం వాల్చేసేది. మా ఇంట్లో టీవీకి ఆమె నిద్రకు పెద్ద పేచీ. ఇక పగలంతా కునికిపాట్లు. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ తీస్తూ తల వాలిపోయేది. "లోపలికి వోయి పండుకో అత్తమ్మా" అంటే ఉలిక్కిపడి, "నేనేడ నిద్రవోయిన? కండ్లు మూసుకున్న గంతే" అనేది. చేతిలో చిక్కుడుకాయ ఉండనే ఉండేది.

రెండేళ్ల క్రితం జగిత్యాలలో డాక్టరుకు చూపించాను. కుర్ర డాక్టరు, ఓపికగానే చెప్పాడు. "వయసు మీద పడితే నిద్ర తేలికవుతుందమ్మా. తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. పగలు కునుకు తీయకండి, సాయంత్రం చాయ్ మానేయండి. గోళీలు మాత్రం వద్దు." ఆమె బుద్ధిమంతురాలిలా విన్నది. మెట్లు దిగుతూ నా మోచేయి పట్టుకుని, "మంచి పోరడే గని, ఆయినకు గింకా నిద్ర సంగతి ఎరుకలేదు. పగటీలి నేను పండుకుంటున్ననా? అదే అచ్చి పండవెడ్తున్నది" అంది. కోరుట్ల బస్టాండులో దిగగానే చాయ్ తాగింది.

నాకు నలభై ఏడు వచ్చాక నా నిద్ర కూడా చెడింది. ఒళ్లంతా వేడెక్కి, మూడున్నరకల్లా మెలకువ వచ్చేది. మొదటిసారి అలా లేచి ముందు గదిలోకి వస్తే, ఆమె మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "నీగ్గూడ షురువైందా?" అని పక్కకు జరిగింది. ఆ తర్వాత ఎన్ని తెల్లవారుజాములు అలా పక్కపక్కన కూర్చున్నామో. అత్తాకోడళ్లం కాబట్టి పగలు మాకు మాటా మాటా వచ్చేది, ఆ వేళలో మాత్రం ఎన్నడూ రాలేదు. నిద్ర రావడం లేదని నేను గింజుకుంటుంటే ఆమె అనేది, "రాకుంటె రాకపాయె. పండుకోని ఉండు. నడుమన్న సల్లవడ్తది." ఇంత పనికొచ్చే మాట ఆ డాక్టరు కూడా చెప్పలేదు.

ఆమె పడుకునే వరస ఇది. కాళ్లు కడుక్కుని తడి ఆరేదాకా తుడుచుకుంటుంది. మోకాళ్లకు మందు రాస్తుంది. బొంతను మంచం మీద ఒకసారి దులుపుతుంది. చెంబులో నీళ్లు రెండు గుక్కలు తాగి మంచం కింద పెడుతుంది. ఆ తర్వాత ప్రశ్న. బీడీలు మానేశాక ఆకు సంగతి పోయింది, గొళ్లెం ఒక్కటే మిగిలింది. "గొళ్లెం పెట్టినవా బిడ్డా?" పెట్టిన అత్తమ్మా అనగానే తువ్వాల తీసి చెవుల మీదుగా తలకు గట్టిగా కట్టుకుంటుంది. అది కట్టిందంటే ఇక ఆమెకు ఇంటితో పని లేదు. మా అమ్మాయి చిన్నప్పుడు, "నానమ్మ దుకాణం బంద్ పెట్టింది" అనేది.

చివరి ఏడాది ఆమెకు మరుపు వచ్చింది. చెప్పిన జవాబు చెవిలోంచి జారిపోయేది. రెండోసారి అడిగేది, మూడోసారి అడిగేది. నేను మంచిదాన్నేమీ కాదు. రెండోసారికే నా గొంతు మారేది. "ఎన్నిసార్లు చెప్పాలె?" అన్న రోజులున్నాయి. అన్నాక ఆమె చిన్నబోయి, "అడిగిననా ఇంతకుముందు?" అనేది.

మా తలుపు పాతది, రెండు రెక్కలది. పైన ఒక గొళ్లెం, కింద ఒక గొళ్లెం. పైది నా తల ఎత్తులో ఉంటుంది. నడుం వంగిపోయాక అత్తమ్మకు అది అందేది కాదు. కిందిది తలుపు కుంగి బిగుసుకుపోయింది. రెక్కను కొంచెం పైకెత్తి తోస్తే తప్ప పడదు, పడేటప్పుడు కిర్రుమని అరుస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని ఎవరం ముట్టలేదు.

ఆ రోజు బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఆలస్యమైంది, పైగా దారిలో బస్సు చెడిపోయింది. ఇంటికొచ్చేసరికి ఎనిమిది. మా ఆయనకు లుంగీలు, తువ్వాలల దుకాణం ఉంది, సరుకు కోసం సిరిసిల్ల వెళ్లి రాత్రికి మా తమ్ముడింట్లో ఉండిపోయాడు. అమ్మాయి తన గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చదువుకుంటోంది. అత్తమ్మ తిని, మందు రాసుకుని, బొంత దులుపుకుని, నా కోసమే మేలుకుని ఉంది. నేను లోపలికొచ్చి తలుపు వేసి పై గొళ్లెం పెట్టాను.

"గొళ్లెం పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన."

వంటింట్లో అన్నం పెట్టుకుంటుంటే మళ్లీ వినిపించింది. "గొళ్లెం పెట్టినవా?"

"పెట్టిన అంటున్న గదా!"

తిని, పేపర్లు దిద్దుదామని కూర్చున్నాను. మూడోసారి అడిగింది. "బిడ్డా, గొళ్లెం?"

విన్నాను. స్పష్టంగా విన్నాను. ఎర్ర పెన్ను చేతిలో ఉంది. జవాబు చెప్పలేదు.

నాలుగోసారి అడగలేదు. నేను పేపర్లు దిద్ది, మా గదిలోకి వెళ్లి, ఫ్యాను వేసుకుని పడుకున్నాను.

తెల్లారి ఐదింటికి లేచాను. ఆమె ఇంకా పడుకునే ఉంది. నాలుగు దాటినా లేవలేదంటే ఇన్నాళ్లకు మంచి నిద్ర పట్టిందనుకుని, చప్పుడు కాకుండా నడిచాను. వాకిలి ఊడ్వాలి. పై గొళ్లెం తీసి తలుపు లాగితే రాలేదు. ఇంకోసారి లాగాను. వంగి చూస్తే కింది గొళ్లెం పెట్టి ఉంది.

నాకు మొదట వచ్చింది కోపం, అది దాచను. పెట్టానని రెండుసార్లు చెప్పినా నమ్మలేదా అనిపించింది. వెనక్కి తిరిగి గట్టిగానే అడిగాను. "అత్తమ్మా, ఇది నువ్వు పెట్టినవా?"

పలకలేదు. దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేస్తే చల్లగా ఉంది.

అంటే నేను పడుకున్నాక ఆమె లేచింది. చీకట్లో గోడ పట్టుకుని వచ్చింది. పైది అందదు కాబట్టి అందేది పెట్టింది. మోకాళ్ల నొప్పితో కింద కూర్చుని, ఆ బిగుసుకుపోయిన రెక్కను ఎత్తి, తోసింది. అది అరిచి ఉంటుంది. నాకు వినపడలేదు. నా గదిలో ఫ్యాను టకటకమంటోంది, నా నిద్ర కోసం ఆమె పెట్టిన ఫ్యాను.

మా ఆయనకు ఇది చెప్పలేదు. సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకు వచ్చిన మనిషికి, అమ్మ నిద్రలోనే పోయిందన్న మాట ఒక్కటే ఆసరా. తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

స్నానం చేయించడానికి వచ్చిన పక్కింటి వదిన ఆమె తలకు కట్టిన తువ్వాల విప్పింది. "ఎంత గట్టిగ కట్టుకున్నది సూడు, ముడి వస్తలేదు" అంది. అప్పుడు పట్టించుకోలేదు. నాలుగైదు రోజుల తర్వాత, బస్సులో కూర్చుని ఉంటే గుర్తొచ్చింది. తువ్వాల కట్టుకుంది. జవాబు దొరికితే తప్ప కట్టుకోదు. నా దగ్గర దొరకని జవాబు తలుపు దగ్గర తెచ్చుకుని, చెవులు మూసుకుని పడుకుంది. కాబట్టి నిద్ర పట్టే ఉంటుంది. ఇదే నిజమై ఉండాలని ఉంది నాకు. అలా అనుకున్నాక మనసు తేలికవ్వాలి కదా. అవ్వలేదు, బరువూ ఎక్కలేదు. జగిత్యాల వచ్చింది, దిగాను.

ఈ మధ్య నాకు కూడా తొమ్మిదికే కళ్లు మూతలు పడుతున్నాయి. నిన్న మా ఆయన ఇంకా దుకాణం లెక్కలే చూసుకుంటూ వెనక గదిలో ఉన్నాడు. అమ్మాయి అప్పుడే బయటి నుంచి వచ్చి తలుపు వేసి తన గదిలోకి వెళ్లింది. అత్తమ్మ మంచం తీసేసిన చోట చాప వేసుకుని నేను నడుం వాల్చాను.

"గొళ్లెం పెట్టినవానే?" అని అడిగాను.

జవాబు రాలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయని తెలుసు. మళ్లీ అడగలేదు. లేచాను. పై గొళ్లెం పెట్టే ఉంది. అయినా కింద కూర్చున్నాను. నా మోకాలు కూడా కలుక్కుమంది. రెక్కను పైకెత్తి, కింది గొళ్లెం తోశాను. కిర్రుమని అరిచింది, ఇల్లంతా వినపడేలా.

లోపలి నుంచి అమ్మాయి గొంతు. "ఏందమ్మా ఆ సప్పుడు?"

గొళ్లెం మీద చేయి తీయకుండానే చెప్పాను.

"పెట్టిన" అన్నాను. "గొళ్లెం పెట్టిన. పండుకో."