గ్రిల్లు సెగకు కాగిన డప్పు

నా చిన్నప్పుడు ఒక వేసవిలో, నలుగురూ కలిసి నాట్యం చేయాలంటే నేల మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద గుండ్రాలు గీసుకోవలసి వచ్చింది. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి గుండ్రంలోనే అడుగులు వేయాలి. పక్క గుండ్రంలోకి కాలు పెట్టకూడదు. ఇప్పుడు మా మనవరాలికి ఇది చెబితే నేను కథలల్లుతున్నానని నవ్వుతుంది. కానీ కరోనా రెండో ఏట జర్మనీలో మేము నిజంగా అలాగే బతికాం. అలాంటి ఒక సాయంత్రమే మా నాన్న ఎవరో నేను మొదటిసారి సరిగ్గా చూశాను.

మేము జిండెల్ఫింగెన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మూడు భవనాల మధ్య గచ్చు చేసిన ఖాళీ స్థలం ఉండేది. దాన్ని అందరూ హోఫ్ అనేవాళ్ళు. నాన్న కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉండేవాడు. లాక్‌డౌన్ మొదలయ్యాక వంటింటి బల్లే ఆయన ఆఫీసు అయిపోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వంగి కూర్చుని, మెల్లగా, ఎవరినో క్షమాపణ అడుగుతున్నట్టు మాట్లాడేవాడు. నాన్న గొంతు అంతేనని నేను అనుకునేదాన్ని.

మా పై అంతస్తులో ఒక తాతయ్య ఉండేవాడు. ఆయనది అమెరికాలోని టెక్సస్. వాళ్ళ పూర్వీకులు మెక్సికో వాళ్ళు. తమను తాము తెహానోలమని చెప్పుకునేవాళ్ళు. ఆయన వయసులో ఉన్నప్పుడు అమెరికా సైన్యంలో మెకానిక్‌గా జర్మనీకి వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. ఆవిడను మేమంతా ఓమా అనేవాళ్ళం, అంటే జర్మన్‌లో అమ్మమ్మ. తాతయ్య సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని అకార్డియన్ వాయించేవాడు. పాట స్పానిష్‌లో ఉండేది, దరువు మాత్రం జర్మన్ పల్లెల పోల్కా నాట్యంలాగా గెంతుతూ ఉండేది. తెహానో సంగీతమంటే అంతేనని ఆయనే చెప్పాడు.

ఆ పాట కిందికి దిగి వచ్చే వేళకు నాన్న కూడా పని ముగించి మా బాల్కనీలోకి వచ్చేవాడు. రెయిలింగ్ మీద ఆయన వేళ్ళు వాటంతటవే కదిలేవి. ఒక రోజు పై నుంచి పాట ఆగిపోయింది. తాతయ్య కిందికి తొంగిచూసి, నీకు దరువు ఎవరు నేర్పారని అడిగాడు. నాన్న చేతులు వెనక్కి తీసుకుని, ఎవరూ నేర్పలేదు, ఊరికే కొడుతున్నానన్నాడు. తాతయ్య తలూపి మళ్ళీ పాట అందుకున్నాడు.

నేర్పింది మా తాత, నాన్న వాళ్ళ నాన్న. ఆ సంగతి నాకు సగమే తెలుసు. మా పడకగదిలో బీరువా మీద పాత దుప్పటిలో చుట్టి ఒక డప్పు ఉండేది. గుండ్రని చెక్క చట్రానికి మేకతోలు బిగించిన డప్పు. అది మా తాతది. మా తాతను నాన్న బాపు అనేవాడు. ఆయన పోయాక నాన్న దాన్ని బట్టల మధ్య పెట్టుకుని ఇంత దూరం తెచ్చుకున్నాడు. కానీ ఎప్పుడూ వాయించలేదు. తెలుగువాళ్ళ ఇళ్ళకు పోయినప్పుడు దాని మాట ఎత్తొద్దని అమ్మ నాకు చెప్పేది. ఎందుకని అడిగితే నన్ను ఆడుకోవడానికి పంపేసేది.

ఎందుకో తరవాత తెలిసింది. నేను పుట్టకముందు హైదరాబాద్‌లో అమ్మానాన్నలు అద్దెకున్న ఇంటి యజమానికి వాళ్ళ కులమేమిటో తెలిసిపోయింది. ఏదో సాకు చెప్పి నెల తిరక్కుండా ఖాళీ చేయించాడు. అమ్మ ఆ రోజును మరిచిపోలేదు. ఎదురు భవనంలో తెలుగు కుటుంబాలు రెండు ఉండేవి. అందులో ఒక ఆంటీ మాకు కరివేపాకు తెచ్చిచ్చేది, అమ్మకు డాక్టర్ దగ్గర టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, దొరక్కపోతే తానే ఫోన్ చేసి మాట్లాడి ఇప్పించేది. మంచి మనిషే. కానీ కలిసినప్పుడల్లా, మీ ఇంటిపేరు ఎక్కడా వినలేదే, మీ నాన్నగారు ఏం చేసేవారని నాన్నను అడిగేది. నాన్న వ్యవసాయమని చెప్పి మాట మార్చేవాడు.

ఆ చలికాలం ఓమాకు కరోనా వచ్చి చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. తాతయ్యను లోపలికి రానివ్వలేదు. అమ్మ వండిన పప్పూ అన్నం నేను ఆయన గుమ్మం ముందు పెట్టి, గంట నొక్కి, మెట్లు దిగి నిలబడేదాన్ని. ఆయన తలుపు తీసి చెయ్యి ఊపేవాడు. బాల్కనీలో పాట లేదు. ఓమా బతికి ఇంటికి వచ్చింది. వేసవికి నాలుగు అడుగులు వేయగలిగేదాకా కోలుకుంది. ఆమె, తాతయ్య మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నది ఒక నాట్యంలోనేనట. అందుకని హోఫ్‌లో అందరికీ ఒక తెహానో సాయంత్రం ఏర్పాటు చేస్తానని తాతయ్య అన్నాడు. భవనాల బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ ఒప్పుకున్నాడు. నిబంధనలు సడలినా, టెస్ట్ చేయించుకుని రావాలి, ఎవరి గుండ్రంలో వాళ్ళు ఉండాలి. పన్నెండు తీగల పెద్ద గిటార్ వాయించే స్నేహితుడు, డ్రమ్స్ వాయించే మరొకడు వేరే ఊళ్ళనుంచి వస్తామన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం మా తలుపు తట్టిన చప్పుడైంది. తాతయ్య మాస్క్ పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. డ్రమ్స్ వాయించేవాడికి పాజిటివ్ వచ్చిందట, క్వారంటైన్‌లో ఉన్నాడట. అకార్డియన్ ఒక్కటే ఉంటే జనం కూర్చుని వింటారు, కాళ్ళు లేవాలంటే దరువు కావాలి, నువ్వు వాయిస్తావా అని నాన్నను అడిగాడు.

నాన్న తనకు రాదన్నాడు.

తాతయ్య వెళ్ళిపోలేదు. మెట్ల మీద కూర్చుని, తొందర లేనట్టు తన సంగతి చెప్పాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పినదంతా నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు, నాన్న తరవాత ఎన్నోసార్లు నాకు చెప్పాడు. వాళ్ళ నాన్న వారమంతా పరాయివాళ్ళ చేలల్లో పత్తి ఏరి, శనివారాలు అకార్డియన్ వాయించేవాడు. ఊళ్ళో కలిగిన మెక్సికన్ కుటుంబాలు అది సారాకొట్ల సంగీతమని తమ పెళ్ళిళ్ళకు రానిచ్చేవి కావు. బడిలో మీ నాన్న ఏం చేస్తాడంటే ఈయన అకార్డియన్ మాట చెప్పేవాడు కాదు. సైన్యంలో చేరినప్పుడు దాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. జర్మనీకి వచ్చిన కొత్తలో ఒక చిన్న ఊరి పండుగకు వెళితే, అక్కడ ఆ ఊరి పెద్దమనిషి కోటు వేసుకుని, మెడలో బిళ్ళ వేసుకుని, అందరి ముందూ అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆ పెట్టె ఈ దేశంనుంచే తమ ఊరికి వచ్చిందని ఆయనకు అప్పుడు తెలిసింది.

"పెట్టె అదే. గాలి అదే. ఇక్కడ గౌరవం, అక్కడ సిగ్గు. అంటే సిగ్గు పెట్టెలో లేదు కదా," అన్నాడట తాతయ్య. ఆ మాట తన నాన్నకు చెప్పేలోపే ఆయన పోయాడట.

ఆయన పైకి వెళ్ళిపోయాక నాన్న లోపలికి వచ్చి, కుర్చీ వేసుకుని, బీరువా మీది మూట దించాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"మన తెలుగోళ్ళు గూడ వస్తరు సాయంత్రం," అంది అమ్మ. "అందరు చూస్తరు."

"చూడనీ."

"హైదరాబాద్‌ల ఇల్లు ఖాళీ చేయించింది మరిచిపోయినవా?"

"మరువలే," అన్నాడు నాన్న. "ఇన్నేండ్లు మా బాపును నేను దుప్పట్ల చుట్టి దాచిపెట్టిన. ఇగ నాతోని కాదు."

అమ్మ ఒక మెత్తటి బట్ట తెచ్చి డప్పు మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. చట్రం వెనక చెయ్యి పట్టుకునే చోట చెక్క నున్నగా అరిగి ఉంది. అమ్మ ఆ చోటును మళ్ళీ మళ్ళీ తుడిచింది.

వేసవి కాబట్టి సాయంత్రమైనా ఎండ భవనాల మీద మెరుస్తూనే ఉంది. మేము హోఫ్‌లోకి దిగేసరికి గుండ్రాల్లో కుర్చీలు వేసుకుని జనం కూర్చున్నారు. నాన్న వేళ్ళతో డప్పును తట్టి చూశాడు. ఇన్నేళ్ళు పడి ఉన్న తోలు మెత్తబడి, తడి అట్టముక్కలా పలికింది. డప్పు పలకాలంటే సెగ చూపాలి. ఊళ్ళో అయితే గడ్డి మంట వేస్తారు. నాన్న అటూ ఇటూ చూసి, మూలన సాసేజ్‌లు కాలుస్తున్న జర్మన్ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నీ గ్రిల్లు కాసేపు ఇస్తావా అని అడిగాడు. ఆయనకు ఏమీ అర్థం కాకపోయినా మర్యాదగా సాసేజ్‌లను ఒక పక్కకు జరిపాడు. నాన్న బొగ్గుల మీద డప్పును పట్టుకుని నెమ్మదిగా తిప్పుతుంటే, చిన్నపిల్ల ఒకతె వాళ్ళమ్మను, దాన్ని కూడా తింటారా అని జర్మన్‌లో గట్టిగా అడిగింది. హోఫ్ అంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ వేలితో మీటాడు. ఈసారి ఖంగుమంది. నవ్వులు ఆగిపోయాయి.

తాతయ్య అకార్డియన్ తెరిచాడు. పక్కన స్నేహితుడు గిటార్ అందుకున్నాడు. నాన్న డప్పును ఎడమ భుజానికి తగిలించుకుని, ఒక చేతిలో సన్నని పుల్ల, మరో చేతిలో పొట్టి సిర్ర పట్టుకుని, మొదటి పాటంతా కళ్ళు దించి విన్నాడు. రెండో పాటలో మెల్లగా కలిశాడు. మొదట్లో కుదరలేదు. నాన్న దరువు ముందుకు పరుగెత్తింది, పాట వెనక మిగిలింది. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తాతయ్య వాయించడం ఆపకుండా నాన్న వైపు తిరిగి, తన బూటుతో గచ్చు మీద లెక్క చూపించాడు. నాన్న ఆ బూటునే చూస్తూ కొట్టాడు. ఒక్కసారిగా రెండూ కలిసిపోయాయి. ఎక్కడ కలిశాయో చెప్పలేను, కానీ పక్కన కూర్చున్న వాళ్ళందరి మడమలూ ఒకేసారి కదిలాయి.

తాతయ్య తల వెనక్కి వాల్చి, వాళ్ళ ఊరివాళ్ళు సంతోషం పట్టలేనప్పుడు పెట్టే కేక పెట్టాడు. ఆ కేకకు నాన్న ఒంట్లోంచి ఎవరో లేచి నిలబడ్డారు. నడుము నిటారైంది. కాళ్ళు అడుగులందుకున్నాయి. ముందుకు రెండు, వెనక్కి ఒకటి, తిరిగి మళ్ళీ ముందుకు. వాయిస్తూ ఆడుతున్నాడు. ఆ అడుగులు ఆయనకు ఎవరు నేర్పారో, ఏ ఊరి వీధిలో నేర్పారో నాకు చెప్పనక్కర్లేకపోయింది. అందరూ లేచారు. ఓమా కుర్చీ పట్టుకుని లేచి, తాతయ్య వెనక నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉన్నచోటే అడుగులు మార్చింది. అమ్మ నన్ను మా గుండ్రం మధ్యలోకి లాగి గిర్రున తిప్పింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, ఆడుతోంది.

ఎదురు భవనంలోని ఒక తెలుగు అంకుల్ మాత్రం భార్యాపిల్లలను లేపి లోపలికి తీసుకుపోయాడు. అమ్మ అది చూసింది. అయినా ఆగలేదు.

పాటల మధ్య విరామంలో కరివేపాకు ఆంటీ మా గుండ్రం అంచుదాకా వచ్చింది. చుట్టూ అందరూ వింటున్నారు.

"ఇంత బాగా వాయిస్తారని ఎప్పుడూ చెప్పలేదేంటండీ? ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది.

నాన్న చెమట తుడుచుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. "మా బాపు నేర్పిండు అక్కా. మేం మాదిగోళ్ళం. మా ఊళ్ళె పెండ్లయినా చావయినా మా బాపు డప్పు లేనిది కాకపోయేది. ఆయనంత కొట్టెటోడు మా మండలంల లేడు."

అది మీటింగుల్లో వినిపించే గొంతు కాదు. పెద్దగా అరవలేదు, బతిమాలలేదు, దెబ్బలాడలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు, ఎంతో ఇష్టంగా చెప్పాడు. ఆంటీ ముఖంలో ఏవేవో కదలడం నేను చూశాను. చివరికి, "మా పిల్లాడికి నేర్పుతారా?" అంది. నాన్న తప్పకుండా నేర్పుతానన్నాడు. నేర్పాడు కూడా. వెళ్ళిపోయిన అంకుల్ వాళ్ళు ఆ తరవాత మమ్మల్ని ఏ పుట్టినరోజుకూ పిలవలేదు. మొదట్లో అమ్మ కొన్నాళ్ళు బాధపడింది. ఆ తరవాత ఆ బాధకు కూడా తీరిక లేకుండా పోయింది, ఎందుకంటే శనివారాలు పై అంతస్తు నుంచి అకార్డియన్, మా ఇంటినుంచి డప్పు కలిసి దిగుతుంటే, పిల్లలూ పెద్దలూ హోఫ్‌లో చేరడం మొదలైంది.

నాకు డప్పు రాలేదు. నాన్న ఎంత ప్రయత్నించినా నా చేతులకు దరువు పట్టుబడలేదు. కానీ ఆ సాయంత్రం ఆయన చెప్పిన జవాబు నాకు పట్టుబడింది. తరవాతి జీవితంలో ఎన్నో ఊళ్ళలో, ఎన్నో గదుల్లోకి కొత్త మనిషిగా అడుగుపెట్టాను. నన్ను తేరిపార చూసి, నేనెవరి తాలూకో, ఎక్కడినుంచి వచ్చానో కొలవాలనుకున్న మనుషులు ప్రతిచోటా తగిలారు. అప్పుడు నేను కోపం తెచ్చుకోను, మాట మార్చను. మా తాత పేరు చెబుతాను, ఆయన పనేమిటో చెబుతాను. చెబుతుంటే నా నడుము దానంతటదే నిటారవుతుంది.