కుక్కెత్తు బంగారం

మా కుక్కకు భయం లేదు. సిగ్గు అంతకన్నా లేదు. మూరెడు ఒళ్లు, ఒక చెవి నిలబడితే ఇంకో చెవి పడుకుని ఉంటుంది, తోక మాత్రం ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది. ఇంత చిన్న ప్రాణికి అంత ధైర్యం ఎక్కడిదని నేను ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటాను. కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ఒకరోజు అత్తమ్మ చుట్టిపెట్టిన నూలు కండెను నోట కరుచుకుని, వీధి మలుపు దాకా దారం పరుచుకుంటూ పోయింది. అత్తమ్మ చీపురు పట్టుకుని వెంటపడితే, తనతో ఆడుకోవడానికే వస్తోందనుకుని ఎగిరెగిరి గంతులేసింది.

అత్తమ్మ దాన్ని ముట్టుకోదు. దగ్గరికొస్తే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని "అవుతలికి పో" అంటుంది. అలాంటి మనిషి, పోయిన వానాకాలంలో కుక్కకు జబ్బు చేసినప్పుడు మాకు తెలియకుండా ఒక పని చేసింది. అది వాంతులు చేసుకుని, నీళ్లు కూడా ముట్టక, పశువుల దవాఖానలో సెలైన్ ఎక్కించుకొచ్చి గడప దగ్గర పడి ఉంటే, సమ్మక్క తల్లికి మొక్కుకుంది. అది లేచి తిరిగితే దాని ఎత్తు బంగారం ఇస్తానని. ఆ తల్లి కొలువైన మేడారంలో బంగారమంటే బెల్లమే. మొక్కుకున్నవాళ్లను కాంటాలో కూర్చోబెట్టి, వాళ్ల బరువుకు సరితూగే బంగారాన్ని తల్లి గద్దె దగ్గర సమర్పిస్తారు.

కుక్క లేచింది. లేచీ లేవగానే నా కొత్త చెప్పు కొరికి ముక్కలు చేసింది. నాకు కోపం రావాల్సింది, కానీ ఆ పళ్ల గాట్లు చూసి ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మకు మాత్రం ఆరోజు నుంచి కుదురు లేదు. "తల్లి తన మాట నిలవెట్టుకున్నది. మనం మరిస్తె దీన్ని మళ్ల పండవెడ్తది" అని పొద్దున లేస్తే అదే పాట.

చివరికి ఒక బుధవారం, జంపఖానాలు మోసే మా పాత వ్యానులో బయలుదేరాం. మొక్కు చెల్లేదాకా ఏమీ తిననని అత్తమ్మ ఒట్టు పెట్టుకుంది. మా ఆయనది అతి తెలివి. "ఆడ రష్ ఉంటది, ఇంటికాడనే తూచుకపోతె పని అయిపోతది" అని ముందురోజే కుక్కను గోనెసంచిలో పెట్టి కిరాణా దుకాణంలో తూచి, సరిపడా బంగారం కొత్త సంచిలో కట్టించి వ్యాను వెనకాల పెట్టాడు. నేను కూడా ఆహా అన్నాను.

దారిలో కుక్క వైభవం చూడాలి. మేం ముగ్గురం ఇరుక్కుని కూర్చున్న ముందు సీట్లో నా ఒడిలో నిలబడి, ముందుకాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ఎదురొచ్చే ప్రతి ఆర్టీసీ బస్సునూ తిట్టింది. బస్సు దాటిపోగానే, తనే తరిమేసినట్టు మా వైపు తిరిగి చూసేది. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి దండం పెట్టుకుందామని బండి ఆపితే, కొబ్బరికాయలు కొట్టే రాయి దగ్గరికి దూరి, ఎవరి కాయ నీళ్లు వాళ్లు పట్టుకునేలోపే నాలుక పెట్టింది. హోటల్లో మా ఆయన ప్లేటులోంచి మిరపకాయ బజ్జీ లాగింది. కళ్లలో నీళ్లు కారుతున్నా, ముక్కు చీదుతున్నా బజ్జీ వదల్లేదు. అంత పట్టుదల నాకుంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని.

తాడ్వాయి అడవిలో రోడ్డు పక్కన కోతులు కనిపించాయి. కుక్క కిటికీలోంచి సగం బయటికి వేలాడి మొరిగింది. ఒక గండుకోతి పళ్లు ఇకిలించుకుంటూ బండి మీదికే వచ్చింది. మేం ముగ్గురం గజగజలాడిపోయాం. కుక్క మాత్రం ఒక్క అంగుళం వెనక్కి తగ్గలేదు. నేను దాన్ని లోపలికి లాగి అద్దం ఎత్తాక రెట్టింపు గొంతుతో మొరిగింది. మేం అద్దం చాటున ధైర్యం తెచ్చుకుని కోతులను చూస్తూ మురిసిపోతుంటే కాసేపటికి బండిలో చప్పుడే లేకుండా పోయింది. నా ఒడి ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే సంచి చిరిగి ఉంది, కుక్క మూతి నిండా బంగారం.

"ఓ పిల్లా, ఏం జూత్తానవే, గుంజు దాన్ని!" అని అత్తమ్మ అరిచింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అవ్వా, మీదున్న ముద్దనే కొరికింది. కిందిది మంచిగనే ఉన్నది" అన్నాడు మా ఆయన.

"మంచిగుంటె నువ్వు దిను. ఎంగిలి సంచి తల్లి ముంగట వెడ్తవా?"

ఆ తర్వాత మేడారం దాకా అత్తమ్మ కుక్క వైపే చూస్తూ కూర్చుంది. మొక్కు చెడిందని, కుక్క మళ్లీ పడిపోతుందని ఆ ముఖంలోనే కనబడుతోంది. ఆకలితో, దిగులుతో ఆమె పెదవులు ఎండిపోయాయి. నాకు భయమేసింది.

మేడారంలో బంగారం అమ్మే దుకాణం ముందు ఆగాం. అడ్డకర్రకు గొలుసులతో పెద్ద కాంటా వేలాడుతోంది. మళ్లీ తూచి కొత్త బంగారం ఇద్దామని కుక్కను తట్టలో పెట్టాం. దూకింది. మళ్లీ పెట్టాం. ఈసారి ఎవరో మొక్కుకు తెచ్చిన కోడి వెంట పడింది. మా ఆయన పట్టుకొచ్చి అదిమిపెడితే చేతుల్లోంచి సబ్బులా జారింది. చుట్టూ జనం చేరి నవ్వుతున్నారు.

"పెద్దమ్మా, ఇంటికాడ తూచినమంటాండు గద నీ కొడుకు. గంతే ఎత్తు ఇయ్యి, ఏం గాదు" అంది దుకాణామె.

"నిన్న తూచింది నిన్నటి కుక్కను. ఇయ్యాల దీని కడుపులకు ఎంత బంగారం వోయిందో ఎవలకెరుక? తల్లికి తక్కువ వెడ్తనా?"

అత్తమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, చెప్పులు విడిచి, తనే వెళ్లి తట్టలో కూర్చుంది. రెండు చేతులూ చాపి "దాన్ని ఇటియ్యుండ్రి" అంది. మా ఆయన బిత్తరపోయి కుక్కను ఆమె ఒడిలో పెట్టాడు.

"సరే పెద్దమ్మా, ఇద్దరిని తూచినంక నిన్ను ఒక్కదాన్నే తూచి తీసేస్త" అంది దుకాణామె.

అత్తమ్మకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు మా ఆయన ఆమె ఎత్తు బంగారం మొక్కుతానంటే, ముసలిదానికి మొక్కులేందని కొట్టినంత పని చేసింది. ఇప్పుడు కుక్క వైపు చూసి, "తీసేసుడు వద్దు. తల్లి పేరు మీద కూసున్నంక లేసిపోతరా? నా పానం గూడ ఆమె ఇచ్చిందే గద. ఇద్దరిది వెట్టు" అంది.

మా ఆయన పక్కకు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. దుకాణామె ఎదుటి తట్టలో బంగారం ముద్దలు పేర్చుతుంటే, కాంటా ఊగి అత్తమ్మ పాదాలు నేల విడిచాయి. కుక్క బిగుసుకుపోయి చెవులు రెండూ వెనక్కి వేసింది. పొద్దుటి నుంచి బస్సులకు, కోతులకు బెదరనిది మొదటిసారి వణికింది. అత్తమ్మ దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని, తల మీద గడ్డం ఆనించి, "కదలకు బిడ్డా, పడ్తం" అంది.

అది కదల్లేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ నోట బిడ్డా అనిపించుకోవాలని నేను చెయ్యని సేవ లేదు. దొంగతనాలు తప్ప ఏ పనీ చెయ్యని ఆ మూరెడు కుక్క దాన్ని సాధించింది. నేను కళ్లు తుడుచుకుంటూ దాని వైపే చూస్తూ నిలబడ్డాను.