పడుగు తొక్కని కాళ్లు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను కానీ, నా పరువు నేనే రాసి తీసుకునేంత వచ్చేశాయి. కాబట్టి ఆ రోజు దవాఖానలో నేను చేసిన ఘనకార్యం మరొకరి నోట వినే ముందు నా దగ్గరే వినండి.

మా మనవరాలు అక్షితకు అప్పుడు నాలుగేళ్లు. వీధిలో నాలుగడుగులు వేస్తే బోర్లా పడేది. కాళ్లలో బలం లేదేమోనని మా కోడలు స్వప్నకు నిద్ర పట్టేది కాదు. తనకు సెలవు దొరకక, పరీక్షకు పిల్లను నాతో పంపింది.

"అత్తమ్మా, డాక్టర్ మేడం అడిగిందే చెప్పు. నడుమల దూరకు."

దూరకపోతే ఇక నేనెందుకు?

గుమ్మం దగ్గర పిల్ల చెప్పులు విప్పించి లోపలికి తీసుకెళ్లాను. బంతి విసిరితే పట్టింది. ఒంటికాలి మీద కొంగలా నిలబడింది. నేను పెళ్లికొడుకు తల్లిలా కాలు మీద కాలేసుకున్నాను. అప్పుడు మేడం నేల మీద తెల్లటి తాడు పరిచింది.

"దీని మీద నడువు బిడ్డా."

పిల్ల కదల్లేదు.

"నడువే!" అన్నాను.

"నేను తొక్క. నువ్వు కాళ్లిరగ్గొడ్తవ్."

మేడం కలం ఆగింది. "ఇంట్ల పిల్లను కొడ్తరా అమ్మా?"

"అయ్యో, లేదు మేడం! మేం జంపఖానాలు నేసెటోళ్లం. వాకిట్ల పడుగు చాపినప్పుడు దారాలు తొక్కద్దని బెదిరిస్త, గంతే. జర ఆగుండ్రి, నేను నడిచి చూపిస్త."

కాలు ఎత్తాను. దిగితే కదా! పుట్టి బుద్ధెరిగి పడుగు తొక్కని కాలు, తాడు మీదికి రానంటే రానంది. గాలిలో ఊగుతూ మేడం కుర్చీ పట్టుకున్నాను. దానికి చక్రాలున్నాయని ఎవరైనా చెప్పాలా వద్దా? కుర్చీ, కుర్చీలో మేడం, వెనక నేను, గోడదాకా ఊరేగింపుగా వెళ్లాం.

"నానమ్మా, పడుగు పైలం!" అని అరుస్తూ అక్షిత తాడు పక్కనే తూలకుండా పరుగెత్తుకొచ్చింది.

మేడం నవ్వు ఆపుకుని, తాడు తీసేసి సుద్దముక్కతో గీత గీసింది. పిల్ల దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు చక్కగా నడిచింది.

"కాళ్లు మంచిగనే ఉన్నయ్. మరెందుకు పడ్తాంది?" అంటూ మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన మేడం గుమ్మం దగ్గర ఆగిపోయింది. "ఈ చెప్పులెవరియి? వాళ్లక్కయా?"

"దీనియే మేడం. నేనే కొన్న. పెరిగే పిల్ల గదా, ఇంకో రెండేండ్లు వస్తయని..."

పిల్లను చంకనేసుకుని, చెప్పులు చేత పట్టుకుని ఇంటిదారి పట్టాను.

సాయంత్రం స్వప్న గడపలోనే ఆత్రంగా అడిగింది. "మేడం ఏమన్నది?"

"నేను పాస్. నానమ్మ ఫెయిల్," అంది అక్షిత.

అందుకే మగ్గం ముందు నిలబడి ఒట్టేసుకున్నాను. పిల్ల కాలు కొలవకుండా చెప్పులు కొనను. చక్రాలున్న కుర్చీని నమ్మి కాలు ఎత్తను. తాడు మాత్రం ఇప్పటికీ తొక్కను!