తాబేలు బతికున్న బావి

తొంభైలలో లక్డారం ఊళ్లో మా అత్తగారింటి మోటబావిలో ఒక తాబేలు ఉండేది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని మా మామ ఎక్కడో చెరువులోంచి తెచ్చి వదిలారు. పురుగులూ, చచ్చి తేలిన కప్పలూ దాని తిండి. ఎండెక్కితే మెట్టు రాయి మీదికి పాకి, మెడ చాచుకుని కూర్చునేది. ఇంటికి తాగే నీళ్లు అక్కడివే, మోసేది నేనే. అందుకని మా ఆయన షిఫ్టులకన్నా దాని రాకపోకలే నాకు బాగా తెలుసు.

ఎగువన ఫ్యాక్టరీలు పెరిగాక ముందు వాగు రంగు మారింది, తర్వాత బావి నీళ్లకు మందు వాసన పట్టుకుంది. మా ఆయన జీతం వచ్చేదీ ఆ ఫ్యాక్టరీల్లోంచే కాబట్టి ఎవరిని తిట్టాలో తెలిసేది కాదు. ఒక ఎండాకాలం బావిలో చేపలన్నీ చచ్చి తేలాయి. నా కూతురికి కడుపునొప్పి, ఒళ్లంతా దద్దుర్లు. నల్లా నీళ్లొచ్చే ఇస్నాపూర్‌లో కిరాయి గది చూసుకుందామని మొత్తుకున్నాను. మా మామ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"తాంబేలు బతికే ఉన్నది గద బిడ్డా! నీళ్లల్ల విషముంటే అది సావదా?"

నీళ్లు కాచాను, వడగట్టాను, తులసాకులు వేశాను. వాసన పోలేదు. బిందె ఎత్తాలంటేనే విసుగు పుట్టేది. పిల్ల గోక్కుంటూనే ఉంది.

ఒక పొద్దున మామా నేనూ మెట్ల మీద ఉండగా తాబేలు పైకొచ్చింది. ముక్కు కొన మాత్రం బయటపెట్టి, గాలి పీల్చుకుని మునిగిపోయింది. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది.

"మామా, చేపలు నీళ్లనే పీల్చినయి, సచ్చినయి. ఇది పైకొచ్చి మన గాలి పీలుస్తున్నది. నా బిడ్డ మాత్రం గా నీళ్లే తాగుతున్నది."

మామ నీళ్లలోకి దిగి, తాబేలును పట్టి బకెట్లో వేసుకున్నారు.

"దీన్ని మంచి నీళ్లల్ల ఇడిసొస్త" అని వెళ్లిపోయారు. ఇక మేమూ ఇస్నాపూర్ పోవచ్చని అర్థమై గిన్నెలు సర్దుకున్నాను.

పొద్దుగూకే వేళకు మోకాళ్లదాకా బురదతో, అదే బకెట్‌తో తిరిగొచ్చారు. తెలిసిన చెరువులూ కుంటలూ అన్నీ చూశారట.

"అంతట గదే వాసన. యాడ ఇడువాలె?"

మళ్లీ బావి దగ్గరికే నడిచాం. బకెట్ వంచడానికి ఆయనకు చేతులు రాలేదు. నేనే వంచాను. ఏ నీళ్లకు దూరంగా నా పిల్లను తీసుకుపోతున్నానో ఆ నీళ్లలోకే దాన్ని జారవిడుస్తుంటే ఏడుపు ఆగలేదు.

మామ ఖాళీ బకెట్ అందుకున్నారు.

"రేపు జల్దీ బయలెల్లుండ్రి" అన్నారు. "మీరన్నా పోండ్రి, బిడ్డా."